తాటిచెట్టు కింద పుస్తకం

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత. పోయిన ఆదివారం నేను ఈతచెట్ల కింద కూర్చుని పుచ్చుకున్నది పాలు కాదు గనుక, నన్ను ఎవరైనా ఏమైనా అని వుంటే అది అన్యాయం కాదు. కాని నేను అక్కడికి వెళ్లింది తాగడానికి కాదు, మాటలు ఏరుకోవడానికి. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ వంటింట్లోంచి తల బయట పెట్టకుండానే, "దూడమేత కోసం తాడెక్కినాడట ఎవడో, విన్నాంలెండి" అన్నది. తెలుగులో ఎమ్మే చదివినవాడికి సామెతతో జవాబు చెప్పే భార్య వుంటే ఎంత ఇబ్బందో అనుభవించిన వారికే తెలుస్తుంది.

ఇంతకీ దీనికంతటికీ కారణం మా మేనల్లుడు. ఇటలీ దేశంలో, ట్యూరిన్ నగరంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చి, "మామయ్యా, సీసా తెద్దామనుకున్న. అత్తమ్మ కొడ్తదని పుస్తకం తెచ్చిన" అని ఒక చిన్న పుస్తకం నా చేతిలో పెట్టాడు. అక్కడి కొండల్లో తరతరాలుగా వైను తయారు చేస్తున్న ఒక కుటుంబం వాళ్లు తమ వైనుల గురించి అచ్చు వేయించుకున్న పుస్తకం. వైను అంటే ద్రాక్షరసం పులియబెట్టినది. ఇది ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, మన ఊళ్లల్లో 'వైన్స్' అని బోర్డు కట్టిన దుకాణంలో వైను తప్ప తక్కినవన్నీ దొరుకుతాయి.

పుస్తకం ఇరవైనాలుగు పేజీలు. రాత్రి భోజనం కాగానే పట్టుకుని, పూర్తయ్యేదాకా దించలేదు. ఆల్ప్స్ పర్వతాల కాళ్ల దగ్గర వున్న సీమ గనుక దాని పేరు పీడ్‌మాంట్, అంటే కొండపాదం. మా అచ్చంపేట కూడా నల్లమల కాళ్ల దగ్గరే వున్నది గనుక నాకు మొదటి పేజీలోనే చుట్టరికం కలిసింది. ఒకే కొండ మీద నాలుగు రకాల ద్రాక్ష. దక్షిణానికి తిరిగి ఎండ బాగా తగిలే వాలును నెబ్బియోలో అనే ద్రాక్షకు వదిలిపెడతారు. అది పెద్దకొడుకు. తర్వాతి మంచి చోటు బార్బేరాకు. చల్లగా వుండే చోటు డోల్చెట్టోకు. ఇంకోవైపు మొస్కాటో. నెబ్బియా అంటే ఆ భాషలో పొగమంచు. అక్టోబరు ఆఖరున కొండల మీదికి పొగమంచు దిగే రోజుల్లో పండుతుంది గనుక నెబ్బియోలో అయిందని చెప్పుకుంటారు. డోల్చెట్టో అంటే 'చిన్న తీపిది' అని అర్థం. తీరా వైనులో తీపి వుండదు. మన నేతిబీరకాయ కథే.

నెబ్బియోలోతో చేసే గొప్ప వైను పేరు బరోలో. అది ఒక ఊరి పేరు. ఆ ఊరూ, చుట్టూ మరో పది ఊళ్లూ, మొత్తం పదకొండు. ఆ పదకొండు ఊళ్ల పొలిమేర దాటి ఒక్క గజం ఇవతల పండినా అది బరోలో కాదు. కోత కోసిన తర్వాత 38 నెలలు మాగాలి. అందులో 18 నెలలు కర్రపీపాలో వుండాలి. ఇది వాళ్ల ఇంటి ఆచారం కాదు, దేశపు చట్టం.

నన్ను ఆకట్టుకున్నవి మాత్రం తిండి పేజీలు. ఏ వైనుతో ఏం తినాలో రాశారు, ఎందుకు తినాలో కూడా రాశారు. నెబ్బియోలో వగరు. పచ్చి నేరేడు కొరికితే నాలుక పట్టుకుంటుందే, ఆ వగరు. వగరుకు మాంసకృత్తులంటే ప్రీతి. పక్కన మెల్లని మంట మీద గంటల తరబడి ఉడికిన మాంసమో, ముదిరిన జున్నో వుంటే అది నాలుకను వదిలి వాటిని పట్టుకుంటుంది. అంచేత బరోలోకు ఆ తోడు. కొందరు మాంసాన్ని ఆ వైనులోనే ఉడికిస్తారట. ఆల్బా అనే పట్నం చుట్టూ అడవుల్లో, చెట్ల వేళ్ల దగ్గర, నేల లోపల ట్రఫుల్ అని ఒక రకం పుట్టగొడుగు పెరుగుతుంది. దాన్ని కుక్కలు వాసన పట్టి చూపిస్తే మనుషులు తవ్వుకుంటారు. సన్నగా తరిగి, గుడ్డు పచ్చసొనతో చేసిన సేమ్యా వంటి వంటకం మీద చల్లి, బరోలోతో తింటారు. బార్బేరా పులుపు. పులుపు కొవ్వును కోస్తుంది. అంచేత నూనె, మాంసం బాగా పడ్డ వంటలకు అది. డోల్చెట్టో రోజువారీ భోజనానికి. మొస్కాటో తీపి, నురుగు. అది పండుగనాటి పిండివంటలకు.

పుస్తకం మూసి చాలాసేపు పడుకోలేదు. నిజం చెబితే అసూయ పుట్టింది. నాలుగు ద్రాక్షలకు ఇంత శాస్త్రమా! వగరనే రుచికి చక్కని మాట వున్న భాష మనది. షడ్రుచులను వేళ్ల మీద లెక్కపెట్టుకునే జాతి మనది. మా ఊరి చెరువుకట్ట మీద ఎన్ని తరాలనుంచో ఒక పానీయం దిగుతున్నది. దాని గురించి ఇరవైనాలుగు పేజీలు కాదుగదా, ఇరవైనాలుగు వాక్యాలు నాకు తెలుసునా? తెలియదు. తరగతిలో ప్రబంధాల్లోని మధుపాన వర్ణనలు చెబుతాను. చెట్టుకు కట్టిన కుండ పేరు అడిగితే నీళ్లు నమలాలి.

నా దగ్గర డిగ్రీ చదివే పిల్లవాడొకడి తండ్రి గీతపని చేస్తాడు. ఆదివారం పొద్దున్నే ఆ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాను. జేబులో కాగితాలు, కలం. చెరువు వెనక ఒర్రె వెంబడి ఈతవనం. చలి ఇంకా వదలలేదు. గౌడన్న చెట్టు మీదే వున్నాడు. నన్ను చూసి పైనుంచే, "సారూ, ఇంత పొద్దుగాల వచ్చిండ్రు, పాణం బాగలేదా?" అన్నాడు. ఈతకల్లు వేడి తగ్గిస్తుందనీ, మూత్రంలో మంటకు మంచిదనీ పొద్దున్నే వచ్చేవాళ్లు వుంటారట. నేను మాటల కోసం వచ్చానంటే నమ్మడానికి ఆయనకు కొంచెం టైము పట్టింది.

మోకు అంటే చెట్టు ఎక్కడానికి చుట్టూ వేసే లావుపాటి తాడు. ముత్తాదు అంటే నడుముకు బిగించుకునేది. మోకూ ముత్తాదూ రెండూ నమ్మకంగా వుంటేనే మనిషి సాయంత్రం ఇంటికి వస్తాడు. 2024లో ప్రభుత్వం 'కాటమయ్య రక్షాకవచం' పేరుతో కొత్త రకం పట్టీలు, తాళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల దేవుడు. చెట్టుకు కట్టేది లొట్టి. గీతకత్తిని ఆయన నా చేతికి ఇవ్వలేదు. "తెగుతది సారూ" అన్నాడు. తర్వాత పిల్లవాడు చెప్పాడు, గీసే కత్తిని పరాయి చేతికి ఇవ్వడం వాళ్ల నాయినకు ఇష్టం లేదట.

ఇక్కడ నా వ్యాకరణం కాస్త ఆగదు. తాడు అంటే చెట్టు, తాడు అంటే మోకు. తాడెక్కేవాడు తాడుతోనే ఎక్కుతాడు. చెట్టు తాడుకు విభక్తి ముందు 'టి' వచ్చి తాటిచెట్టు, తాటికల్లు అవుతుంది, ఏరు ఏటినీరు అయినట్టు. దీన్ని ఔపవిభక్తికమంటారు. ఈ మాట గౌడన్నకు చెబితే ఆయన ఎంతో మర్యాదగా విని, "అయితే అయితదిలే సారూ" అన్నాడు.

ఇక రకాలు. ఈత ఒకటి, తాడు ఒకటి అని మాత్రమే నాకు తెలుసు. ఈతను చలికాలంలో గీస్తారు. కొమ్మల కింద, మొవ్వు దగ్గర కాండాన్నే చెక్కి, కారే రసం పడతారు. ఈ ఏడు ఒక పక్క చెక్కితే వచ్చే ఏడు రెండో పక్క. అందుకే ముసలి ఈతచెట్టు నిలువునా మెట్లు మెట్లుగా వంకర్లు తిరిగి వుంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. వరసగా కొన్నాళ్లు గీసి, కొన్నాళ్లు చెట్టుకు విశ్రాంతి ఇస్తారు. విశ్రాంతి తర్వాత మొదటి రోజు దిగినదానికి సాటి లేదు. తాడు సంగతి వేరు. అక్కడ కాండం జోలికి పోరు, పూగెలను గీస్తారు. మగచెట్టు పోద్దాడు. ఆడచెట్టును లేతగెల మీద గీస్తే పరుపుదాడు, గెల ముదిరి కాయదశలో గీస్తే పండుదాడు. ముందు పోద్దాళ్లు పారుతాయి, వెనక పరుపుదాళ్లు, ఆఖరున పండుదాళ్లు. ఒకదాని తర్వాత ఒకటి, ఎండాకాలం అంతా. గెలను మెల్లగా నలిపి, కట్టి, కొసను పలచగా కోస్తూ పోవాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. పొద్దునా సాయంత్రమూ ఎక్కి కోస్తూ వుండకపోతే కోత ఎండి పార ఆగిపోతుంది. అంటే పెళ్లికి పోవాలన్నా, చావుకు పోవాలన్నా చెట్టును అడిగి పోవాలి.

"రుచిల తేడా వుంటదా?" అని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "సారూ, ఈతకల్లు తేట. పొద్దుగాల తాగితె కొబ్బరినీళ్లోలె తియ్యగుంటది, వాసన వేరు. పోద్దాడు చిక్కన. పండుదాడు ఇంక చిక్కన, జర మత్తు జాస్తి. గది గట్లుండంగ ఒక్కొక్క చెట్టుది ఒక్కొక్క రుచి. గా బాయికాడి చెట్టు జూడున్రి, దాని కల్లు కండ్లు మూసుకోని తాగినా చెప్త. గా వంకరదాని కల్లు పొద్దెక్కకముందె పులుస్తది."

ప్రతి చెట్టుకూ పేరుంది. బాయికాడిది, వంకరది, పుట్టకాడిది, జంటల చిన్నది. నేను కాగితం మీద రాసుకుంటూ పోయాను. ఇటలీవాళ్ల పుస్తకంలో ద్రాక్షతోటలకు పొలంవారీగా పేర్లు వున్నాయి. ఆ పేరు సీసా మీద వేస్తారు. ఈయన దగ్గర వున్నవి మాత్రం ఎక్కడా వేసి లేవు.

తాటాకు రేక మడిచి పట్టించి కొంచెం పోశాడు. సూర్యుడు అప్పుడే చెట్లమీదికి వస్తున్నాడు. చిన్నప్పుడు మా తాత ఒళ్లో కూర్చుని తాగిన తర్వాత మళ్లీ ఇదే. సన్నని నురుగు, తీపి, ఆ తీపి వెనక కాస్త పొగ వాసన. నాకు వెంటనే పుస్తకంలోని మొస్కాటో గుర్తుకు వచ్చింది. దాన్ని తయారుచేసే పట్నాలలో ఒకదాని పేరు ఆస్తి. నవ్వకండి, నిజంగానే ఊరి పేరు. నెబ్బియోలో వైనులో నూటికి పదమూడు, పద్నాలుగు పాళ్లు ఆల్కహాలు వుంటే, ఈ మొస్కాటోలో అయిదుపాళ్ల చుట్టుపక్కల మాత్రమే. రసం పులుస్తూ పులుస్తూ వుండగా మధ్యలో బాగా చల్లబరిచి పులుపును ఆపేస్తారు. అందుకే తీపి మిగులుతుంది, నురుగు మిగులుతుంది. మన కల్లులో కూడా సాయంత్రానికి ఇంచుమించు నాలుగైదు పాళ్లే. తేడా ఒక్కటే. వాళ్లు దాన్ని ఆపగలరు, మనం ఆపలేం. చెట్టునుంచి దిగే తాజారసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర వుంటుంది. గాలిలోనూ, పాత లొట్టిలోనూ వుండే ఈస్టు వెంటనే దాని పని పడుతుంది. మధ్యాహ్నానికి ఒక రుచి, పొద్దుగూకేసరికి ఇంకో రుచి, మర్నాటికి పులిసి వెనిగర్ దారి పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫు తెరిచింది. పిల్లాపాపలతో వెళ్లి తాగవచ్చు.

కల్లుకు వయస్సు ఒక్కరోజు. బరోలోకు నెలలు లెక్క, దీనికి గంటలు లెక్క. అంచేత కల్లుతో ఏం తినాలనే ప్రశ్నకు జవాబు కూడా గడియారాన్ని చూసి చెప్పాలి. ఈ సంగతి గౌడన్న భార్య దగ్గర తెలిసింది. ఆమె అప్పటికే బింకి తీసుకుని వచ్చింది. "పొద్దుగాల కల్లుకు తోడెందుకు సారూ, అదే తోడు" అన్నది. పొద్దెక్కి కొంచెం పులుపు తిరిగిన తర్వాత గుడాలు. అలసందలో శనగలో ఉడకబెట్టి ఉప్పు, కారం, ఉల్లిపాయ వేసి తాలింపు పెట్టినవి. మక్కకంకులు కాల్చుకునే కాలంలో అవి. సాయంత్రం పులుపు ముదిరిన తర్వాత ఘాటు కావాలి. బోటికూర, తలకాయకూర, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. పులుపు కొవ్వును కోస్తుందన్న బార్బేరా సూత్రం ఈ ఇల్లాలికి ఇటలీ వెళ్లకుండానే తెలుసు. "బోటి అంటె కొవ్వు గద సారూ, తియ్యకల్లుతోని తింటె వెగటు కొడ్తది" అన్నది. హైదరాబాదులో ఈ నంజుళ్లన్నిటినీ చాక్నా అంటారు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు గురించి అడిగితే, అది పొలం పోయేవాళ్లు పగటిపూట తినేదనీ, దానికి ఏ కల్లయినా సరిపోతుందనీ చెప్పింది. డోల్చెట్టో అన్నమాట.

మరో సంగతి కూడా చెప్పింది. ఎల్లమ్మకు సాక పోసే కల్లు కొన్నది కాకూడదు, తమ చెట్టుది, ఆ పొద్దుదే కావాలి. "తల్లికి డిపో కల్లు పోస్తమా!" అని ముక్కు మీద వేలు వేసుకుంది.

నల్లమలలో చెంచువారు ఏరే ఇప్పపువ్వు సంగతి కూడా ఇక్కడ చెప్పవచ్చు, కాని దానికి మరో వారం కావాలి. నేను ఆ 'డిపో' అనే మాట దగ్గర ఆగిపోయాను.

మా వీధిలో ఒక పెద్దమనిషి వున్నాడు. మా తండ్రిగారి కాలంలో మా పొలం పనులు చూసేవాడు. నన్ను భుజాల మీద జాతరకు తీసుకుపోయినవాడు. జీవితమంతా సాయంత్రం ముంతెడు కల్లు పుచ్చుకుని ఇంటికి పోయి అన్నం తిని పడుకునేవాడు. ఒక్కరోజు తగాదా పడి ఎరగడు. ఈ పది పదిహేనేళ్లలో చెట్లు తగ్గి, ఎక్కేవాళ్లు తగ్గి, చెట్టు కింద దొరకక ఒక దుకాణంలో తాగడం అలవాటయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలన్నీ మూసేశారు. మూడోరోజుకు ఆయన చేతులు వణకడం మొదలైంది. రాత్రిళ్లు గోడ మీద ఏవో పాకుతున్నాయని అరిచాడు. నాలుగోనాడు ఫిట్సు. కారు మాట్లాడి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరుగారు విషయమంతా విని, "ఇది కల్లు మానితే వచ్చింది కాదండీ, కల్లులో కలిపిన మందు మానితే వచ్చింది" అన్నారు. ఆ రోజుల్లో తెలంగాణలో అలాంటి మనుషులు ఎన్నో ఊళ్లల్లో దవాఖానలకు వచ్చారు.

ఆ మందులేమిటో దాచవలసింది లేదు. క్లోరల్ హైడ్రేట్ ఒకటి, పాతకాలపు నిద్రమందు. డైజిపాం ఒకటి, అల్ప్రాజోలం ఒకటి. ఈ రెండూ ఆందోళనకు, నిద్రకు డాక్టర్లు లెక్కగా చీటీ రాసి ఇచ్చేవి. చెట్టు ఇచ్చేది ఇంతే, తాగేవాళ్లు అంతమంది. మధ్యలో ఖాళీని నీళ్లతోనూ శాక్రిన్‌తోనూ పూడుస్తారు. తీపి వస్తుంది, కాని మత్తు రాదు. మత్తుకు మందు. కొన్నాళ్లకు తాగేవాడి ఒళ్లు ఆ మందునే అడుగుతుంది, కల్లును కాదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు, మరెందరో దవాఖానల పాలయ్యారు. వాళ్లంతా రోజుకూలీలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు. ఆ సాయంత్రం తాము తాగింది ఏ చెట్టుదో వాళ్లలో ఒక్కరికైనా తెలుసునా? ఏ జిల్లాదో తెలుసునా? అసలు చెట్టుదని తెలుసునా?

మా పెద్దమనిషి బతికాడు. మళ్లీ తాగలేదు. ఒకసారి నన్ను, "సారూ, యాభై ఏండ్లు చెట్టుకల్లు తాగిన. ఒక్కనాడన్న చేతులు వణికినయా? చెప్పుండ్రి" అని అడిగాడు. ఆల్కహాలు ఏ చెట్టుదైనా ఆల్కహాలే. దాన్ని వెనకేసుకు రావాలని నాకు లేదు. కాని ఆయన అడిగినదానికి జవాబు మాత్రం నా దగ్గర లేదు.

ఇప్పుడు ఇటలీ గురించి నా అసూయ కొంచెం సర్దుకున్న సంగతి చెప్పాలి. మా మేనల్లుడితో ఫోనులో ఈ గొడవంతా చెబుతుంటే, "మామయ్యా, గదే పీడ్‌మాంట్‌ల 1986ల ఏమైందో ఎరుకనా?" అన్నాడు. నాకు తెలియదు. తర్వాత చదివాను. చవక వైనుకు బలం పెంచడానికి కొందరు వర్తకులు మిథైల్ ఆల్కహాలు కలిపారు. మనదగ్గర నాటుసారా చావులప్పుడు పత్రికల్లో కనబడే విషం అదే. ఇటలీలో 23 మంది చనిపోయారు. కొందరికి చూపు పోయింది. విషం కలిసిన ఆ వైను బార్బేరా పేరుతో అమ్మినదే. పులుపు కొవ్వును కోస్తుందని నేను మురిసిపోయిన ఆ బార్బేరా! ఇతర దేశాలు ఇటలీ వైనును వాకిట్లోనే ఆపేశాయి. ఏ పాపమూ ఎరగని రైతులు కూడా అమ్ముకోలేకపోయారు.

ఏ ఊరి వైను ఆ ఊరి పేరుతోనే అమ్మాలనే చట్టం వాళ్లకు 1963 నుంచీ వుంది. అయినా జనం రోజూ తాగేది పేరూ ఊరూ లేని పీపా వైను. లీటరు ఇంత అని కొలిచి పోసేవారు. విషం ఆ దారినే వచ్చింది. ఆ తర్వాత తనిఖీలు గట్టిపడ్డాయి, 1992లో చట్టాన్ని తిరగరాశారు. దానికంటె ముఖ్యంగా, చిన్న రైతులు తమ వైనును పీపా వర్తకుడికి పోయడం తగ్గించి, తామే సీసాలో పట్టి, సీసా మీద తోట పేరు, ఊరిపేరు, తమ పేరు, కోసిన సంవత్సరం వేసుకోవడం ఎక్కువయింది. నేను సంక్రాంతి రాత్రి నిద్రమానుకుని చదివిన పుస్తకం ఆ తర్వాతి కాలపు పుస్తకం. ఎంత రుచిగా వుందని చెప్పడానికే దాన్ని అచ్చువేశారనుకున్నాను. ఇది మాది, ఏమైనా అయితే మా గుమ్మానికి రండి అని చెప్పడానికి కూడా అని ఇప్పుడు అర్థమయింది. మన దేశంలోనూ గోవావాళ్లు తమ జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు.

వచ్చే ఆదివారం దాకా ఆగలేక బుధవారం కాలేజీ కాగానే మళ్లీ ఈతవనానికి వెళ్లాను. గౌడన్నకు ఇటలీ కథ చెప్పాను. పుస్తకం చూపించాను. చేతులు పంచెకు తుడుచుకుని, పేజీలు జాగ్రత్తగా తిప్పాడు. ద్రాక్షకొండ బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాడు. "వీళ్లు ఎక్కేది లేదు గద సారూ, కింద నిలబడే కోస్తరు" అన్నాడు. అంతవరకూ నాకు ఆ తేడా తట్టనే లేదు.

ఆయన కల్లు సగం పొద్దున్నే చెట్టుకింద వాడుక ఇళ్లవారికి పోతుంది. అలా అమ్ముకునే లైసెన్సు ఆయనకు వుంది. మిగతా సగం ఆటోలో వచ్చే డ్రమ్ముల్లోకి పోతుంది. డ్రమ్ములో బాయికాడిదీ, వంకరదీ, పక్క ఊరిదీ అన్నీ ఒకటే. "గా డ్రమ్ముల పోసినంక అది నాది గాదు సారూ. దాన్ల ఏం గలుపుతరో నాకెట్ల ఎర్క? కాని రేపు ఎవడన్న సస్తె గీసినోన్నే అంటరు" అన్నాడు. చెట్టుకింద సగాన్ని పెంచుకోవచ్చుగదా అంటే, రోడ్డు మీద పోయేవాళ్లకు ఇక్కడ చెట్టుకల్లు వుందని తెలియదనీ, తెలిసినా నమ్మరనీ చెప్పాడు. కల్లంటేనే ఇప్పుడు జనానికి భయం.

మాట్లాడుతూ మాట్లాడుతూ, "గట్లయితే నాకు గూడ గా పుస్తకమోలె ఒకటి రాసియ్యుండ్రి" అన్నాడు. ఇరవైనాలుగు పేజీలు ఎందుకులే, ఒక బోర్డు చాలునని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. జీవితంలో ఎన్నో వ్యాసాలు రాశాను గాని, ఒక్కొక్క మాటకు ఇంత బేరం ఎప్పుడూ ఆడలేదు. 'స్వచ్ఛమైన' అని నేను రాస్తే ఆయన కొట్టేయించాడు. దుకాణాల మీద అన్నిటికీ అదే వుంటుందట. చివరికి నిలిచింది ఇది: ఈతకల్లు. బాయికాడి చెట్లవి. పొద్దున ఆరింటికి దించినది. తొమ్మిదింటి దాకనే. దాని కింద ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు.

పేరు చిన్న అక్షరాల్లో రాశాను. "పెద్దగ రాయుండ్రి సారూ" అన్నాడు. "కనవడాలె."

మొదట అట్ట మీద రాశాను. రాత్రి మంచుకు అక్షరాలన్నీ కారిపోయాయి. నిన్న వాళ్ల అబ్బాయి పాత డబ్బారేకు ఒకటి, ఎర్రరంగు డబ్బా ఒకటి తెచ్చి మా ఇంటి అరుగు మీద పెట్టిపోయాడు. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు. కాసేపటికి వచ్చి, "ఆ తొమ్మిదింటి తర్వాత ఏం తినాలో కూడా రాయండి మరి, ఎట్లాగూ రాస్తున్నారు" అన్నది.